గుద్దుల సంచీ

మార్చి 3

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, పెరట్లో కుళాయి చుక్కలు పడుతుంటే లేచి వెళ్ళి కట్టి, వచ్చి మళ్ళీ తీశాను. రాసేంత విశేషం కాదు. డెబ్బై రెండేళ్ళవాణ్ణి, యాభై ఏళ్ళు పరుపులు కుట్టినవాణ్ణి, ఇంట్లోకి ఒక పంచింగ్ బ్యాగ్ చూడాలట. అంతే సంగతి. కానీ ఈ మాట బయట ఎవరితో చెప్పినా నవ్వుతారు. నవ్వనిది ఈ డైరీ ఒక్కటే. దారాల కంపెనీవాళ్ళు మూడేళ్ళ కిందట ఇచ్చింది. తేదీలు పనికొస్తాయి, వారాలు కలవవు. నా చదువూ ఇంతే. బడికి పోయింది తక్కువ, దూది బేళ్ళ మీద చీటీలు చదువుతూ నేర్చుకున్నది ఎక్కువ. ఇప్పటికీ ఏ కాగితం చూసినా ముందు బరువు ఎంత రాశారా అని వెతుకుతాను.

సంచీ నాకు కాదు, మా ఆవిడకి. ఆవిడకి అరవై ఏడు. కుడి చెయ్యి వణకడం మొదలై రెండేళ్ళయింది. అడుగులు చిన్నవైపోయాయి, ఎవరో రెండు కాళ్ళనీ కలిపి దారంతో కుట్టినట్టు. పెద్ద డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలవడం మొదలెడితే ఇంట్లో మనిషైపోతుంది. పోయేది కాదట, కానీ దాని నడక నెమ్మది చేయవచ్చట. ఆ పని మీద వారానికి రెండుసార్లు ఫిజియో అమ్మాయి వస్తుంది. మనవరాలి ఈడు. చెయ్యెత్తించి, కాలెత్తించి, నన్ను కూడా ఊరుకోనివ్వకుండా మంచం జరిపించి వెళ్తుంది.

ఇవాళ ఆ అమ్మాయి, "ఇక అమ్మమ్మగారి చేత గుద్దులు గుద్దించాలి తాతగారూ" అంది. నేను టీ గ్లాసు కింద పెట్టాను. చెయ్యి బారుగా చాపడం, కాలు ముందుకెయ్యడం, ఒళ్ళు తూలకుండా నిలబెట్టుకోవడం, మూడూ ఒక్క గుద్దులో ఉన్నాయట. చిన్నగదిలో పట్టే సంచీ ఒకటి చూడమంది. మరీ గట్టిది వద్దంది. గొంతు కూడా పలచబడుతోంది కాబట్టి గుద్దుతూ గట్టిగా అంకెలు చెప్పించాలంది.

గొంతు సంగతి ఆ అమ్మాయికి తెలియదు. మా ఆవిడ గొంతుకేం కాలేదు. నా చెవులు పాడయ్యాయి. ఏడాదిగా ఇంట్లో అందరికీ చెబుతూనే ఉన్నాను.

మార్చి 4

గది కొలిచాను. పదడుగులు, ఏడడుగులు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది. ఆ తలుపు పెట్టినవాడికి గదుల మీద ఏదో కోపం ఉండాలి.

మార్చి 6

చిన్నగదిలో ఏమేమున్నాయో చూశాను. కాన్వాసు చుట్టలు రెండు. దబ్బనాల పెట్టె. పురికొస ఉండలు. గోడవారగా ఒక పెద్ద గోతాం నిండా బూరుగు దూది. అది మామూలు దూది కాదు. చెయ్యి పెడితే చెయ్యి ఎక్కడుందో తెలియదు. పెద్ద ఆర్డరు వస్తే వాడదామని దాచాను. ఆర్డర్లు ఈ మధ్య కొంచెం తగ్గాయి. కిందటిది ఎప్పుడొచ్చిందీ అంటే, మా వీధికి కొత్త రోడ్డు వెయ్యకముందు.

గది నడుమ, పైకప్పు కొక్కేనికి, దూది ఏకే విల్లు. మనిషంత పొడుగు. నారి మీద కొయ్యగుండుతో కొడితే టుంయ్‌మని మోగి దూదిని దూదిగా విడదీసేది. రోజంతా ఆ మోత ఇంట్లో ఉండేది. మా ఆవిడ వంటింట్లోంచి నన్ను పిలవాలంటే ఆ మోత మీంచి పిలవాలి. అలా పిలిచి పిలిచి గొంతు ఎలా తయారైందంటే, అన్నానికి నన్ను పిలిస్తే పక్కింటాయన చేతులు కడుక్కునేవాడు.

కొక్కెం ఒక్కటే ఉంది. సంచీ వేలాడాలన్నా అదే, విల్లు ఉండాలన్నా అదే.

మార్చి 9

ఆటసామాన్ల దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు లావుపాటి మనిషి, ఒకప్పుడు కుస్తీ పట్టినవాడిలా చెవులు నలిగి ఉన్నాయి. పంచింగ్ బ్యాగ్ అనగానే హుషారుగా లేచాడు. మనవడికా అన్నాడు. కాదు, మా ఆవిడకి అన్నాను. నన్ను పైనుంచి కిందకి ఒకసారి చూశాడు. దెబ్బలెక్కడైనా కనబడతాయేమోనని వెతికాడని నా అనుమానం.

"ఇంట్లో మీరుండగా వేరే సంచీ ఎందుకండీ?" అన్నాడు.

మనిషి మంచివాడే. ఉన్నవన్నీ వరసగా చూపించాడు. గొలుసులతో వేలాడే తోలు సంచీ, నా భుజం దాకా ఉంది. కింద తొట్టెలో నీళ్ళు నింపి నిలబెట్టేది ఒకటి, గుద్దితే వంగి లేస్తుంది. నమస్కారం పెడుతున్నట్టుంది. మా ఆవిడ దాన్ని గుద్దదు, కూర్చోమంటుంది. గోడకి కొట్టే మెత్త ఒకటి, దిండుకి పెద్దన్నలాంటిది. చిన్నగదికి అదే సుఖమని ఆయన అన్నాడు. మా గోడ సంగతి ఆయనకి తెలియదు. మేకు కొడితే పక్కింటాయన అద్దం కింద పడుతుంది.

తోలు సంచీనే పట్టుకుని చూశాను. అలవాటు కొద్దీ బొటనవేలితో నొక్కాను. యాభై ఏళ్ళు నొక్కిన వేలు అది, లోపలేముందో చెప్పేస్తుంది. పైన వదులు, నడుమ గడ్డలు, అడుగున రాయి. జిప్పు తీయించాను. లోపలంతా చింకిపాతలు. చొక్కాల చేతులు, లాగూల బొందులు, ఒక గుండీ. నాకు సిగ్గేసింది, వాళ్ళ తరఫున. ఇది నింపడమంటారా, కుక్కడమంటారా అని అడిగాను. దుకాణదారు నొచ్చుకోలేదు. సంచీలన్నీ అంతేనండీ, కొన్నాళ్ళకి లోపలిది జారి అడుగుకి దిగుతుంది, అడుగు బిగిసిపోతుంది, అప్పుడు తిరగేసి వేలాడదీస్తాం, అన్నాడు.

జారుతుందట. జారకుండా ఆపడమే కదా నా బతుకంతా చేసిన పని.

చేతికి వేసుకునే మెత్తటి తొడుగులు ఒక జత మాత్రం తీసుకుని వచ్చాను. ఎర్రవి. మా ఆవిడ వాటిని చూసి తొడుక్కోనంది, వేళ్ళు కనబడకపోతే ఊపిరాడదట. ఈ మాట నాకు మా అమ్మాయి గట్టిగా చెప్పింది. చెవులు అలా ఉన్నాయి కదా.

మార్చి 10

సంచీ నేనే కుడతాను.

మా అమ్మాయి వద్దంది. ఆమె లెక్కల టీచరు. ఊళ్ళోనే ఇంకో వీధిలో ఉంటుంది, రెండ్రోజులకోసారి వస్తుంది. నాన్న చెప్పిన మాట ఏదైనా సరే కూడి తీసి సరిచూస్తే గాని నమ్మదు. పరుపు వేరు, అది వేరు నాన్నా అంది. రెండింటికీ గుడ్డ, దూది, దారమే కదా, ఒకటి పడుకుంటుంది, ఇంకోటి నిలబడుతుంది అన్నాను.

పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి, చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది. అవసరం లేదన్నాను. ఆమె అది చాలా నెమ్మదిగా, వీధి వైపు తిరిగి అంది. నేను వెంటనే జవాబు చెప్పాను. ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. మాస్టర్లకి అదొక చూపు.

మార్చి 14

విల్లు దించాను. తాడు విప్పేముందు నారిని ఒక్కసారి మీటాను. మోత ఇల్లంతా తిరిగి వచ్చింది. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి, తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఏదో అంది. నాకు వినబడలేదు.

విల్లుని వసారాలో ఆనించాను. పొడుగుకి సరిపోక కొంచెం ఏటవాలుగా నిలబడింది, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు.

మార్చి 17

అయిపోయింది. నాకు నచ్చింది. ఎవరూ అడగరు కాబట్టి ఎలా కుట్టానో ఇక్కడే చెప్పుకుంటాను.

కాన్వాసు రెండు పొరలు. లోపల బూరుగు దూది, ఆ పెద్ద గోతాంలోదే, సగం పట్టింది. పొడుగు మూడడుగులు, మా ఆవిడ మోకాలి పైనుంచి నడినెత్తి దాకా. ఇక జారడం సంగతి. పరుపులో దూది ఒక మూలకి పోకుండా ఏం చేస్తాం, దబ్బనంతో ఈ పక్కనుంచి ఆ పక్కకి పురికొస దించి, లాగి, ముడి వేస్తాం. ముడి పడ్డ చోట చిన్న గుంట పడుతుంది. ఆ ముడులుంటేనే పరుపు పరుపు, లేకపోతే మూట. అలా ఈ సంచీకీ చుట్టూ ఇరవై నాలుగు ముడులు వేశాను. ఒక్కో ముడీ సమానం. దూరం నుంచి చూస్తే సోఫా నిలబడి ఉందేమో అనిపిస్తుంది. ఆ దుకాణదారు చూడాలి దీన్ని.

మార్చి 18

ఫిజియో అమ్మాయి వచ్చింది. సంచీ చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది. మెచ్చుకోవడానికి మాట దొరకలేదనుకున్నాను.

మా ఆవిడ తొడుగులు వేసుకోనని మొండికేసింది. వేళ్ళకి గుడ్డపట్టీ చుట్టించుకుంది. కాళ్ళు ఎడంగా పెట్టి, చెయ్యి వెనక్కి తీసి, ఒక్కటి గుద్దింది. సంచీ కదలలేదు. నేను వెనక నుంచి కొంచెం కదిపాను. మరొకటి గుద్దింది. పది గుద్దింది. అంకెలు చెప్పమంటే పెదాలు కదిపింది. ఫిజియో అమ్మాయి ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అంటూనే ఉంది. మా ఆవిడ నా వైపు చూసి ఊరుకుంది.

ఆ అమ్మాయి వెళ్ళాక కూడా మా ఆవిడ తలుపు వేసుకుని ఇంకాసేపు గుద్దింది. ఇవతల నిలబడి ఎన్నో లెక్కపెట్టాను. ముప్పై ఒకటి.

మార్చి 19

పొద్దున సంచీ దులుపుతుంటే నాలుగు ముడుల మీద మరకలు. ఎర్రగా, ఎండిపోయి. మా ఆవిడ రోజంతా కుడి చెయ్యి కొంగులోనే ఉంచుకుంది.

మార్చి 20

చెయ్యి చూపించమన్నాను. చూపించలేదు. పట్టుకుని చూశాను. నాలుగు వేళ్ళ కణుపుల మీద చర్మం లేచిపోయింది. పట్టీ ఉన్నా సరే, నా ముడులు అంత గట్టివి. యాభై ఏళ్ళుగా నా ముడి ఒక్కటి ఊడిందని ఎవరూ తిరిగి రాలేదని చెప్పుకుంటూ వచ్చాను. ఊడి ఉంటే బాగుండేది.

పరుపు మీద మనిషి పడుకుంటాడు, ముడి గుంటలో ఉంటుంది, ఏమీ అనదు. గుద్దు నేరుగా గుంటలోకే వెళ్తుంది. ఇంత చిన్న సంగతి యాభై ఏళ్ళ పనివాడికి తట్టలేదు. దుకాణదారు చింకిపాతలకి కనీసం గుండీ ఒక్కటే ఉంది.

ఎందుకు చెప్పలేదే అని అడిగాను. ఎర్ర మందు రాస్తున్నాను అప్పుడు. ఏదో అంది. నేను "ఆఁ?" అన్నాను. మళ్ళీ చెప్పలేదు. ఈ మధ్య ఏదైనా ఒకసారి అడిగితే మళ్ళీ చెప్పదు. మాటలే తగ్గించింది. వయసు మీదపడ్డాక మనిషి మౌనంగా మారుతుంది, అది మామూలే.

ముడులన్నీ కోసేశాను. వేసినప్పుడు రెండు రోజులు పట్టింది. కొయ్యడానికి టీ తాగినంతసేపు.

మార్చి 23

మా అమ్మాయి నెగ్గింది. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకి గొట్టాలు తగిలించి, శబ్దం వినబడితే మీట నొక్కమన్నాడు. నొక్కకుండా ఉందామని నేను లోపలికి వెళ్ళేముందే అనుకున్నాను. కానీ శబ్దం వస్తే బొటనవేలు ఊరుకోదు. దానికి అబద్ధం చేతకాదు. దోమ రెక్కంత శబ్దానికి కూడా నొక్కేసింది.

డాక్టరు కాగితం చూసి, మీ వయసువాళ్ళలో ఇలాంటి చెవులు నేను చూడలేదన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

మా అమ్మాయి బస్సులో చాలాసేపు కిటికీలోంచి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని అంది. "నాన్నా, నీకు వినబడదని అమ్మ మాట్లాడటం మానేసింది. రోజంతా ఇంట్లో ఉండేది నీతోనే. నీతో మానేస్తే ఇంకెవరితో మాట్లాడుతుంది? ఆ గొంతు వాడకపోతే అదీ పోతుందని ఫిజియో చెప్పలేదా నీకు?"

చెప్పలేదన్నాను. చెప్పింది.

మార్చి 24

ఆ యంత్రం పాతదై ఉంటుంది.

మార్చి 25

యంత్రం కొత్తదే. పైన ప్లాస్టిక్ కాగితం కూడా తియ్యలేదు.

మార్చి 27

రెండోసారి కుట్టాను. ఈసారి ముడులు లేవు. దూదిని ఒకే మూటగా పెడితే కదా జారేది. అయిదు గుండ్రటి దిండ్లు కుట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన కాన్వాసు తొడిగాను. ఏ దిండు దూది ఆ దిండులోనే ఉంటుంది. కింది కొసకి తాడు కట్టి నేలలోకి దిగ్గొట్టిన ఇనప కడ్డీకి బిగించాను, ఊగి గోడకి తగలకుండా. బొటనవేలితో పైనుంచి కిందకి నొక్కి చూశాను. అంతటా ఒకే మాట చెప్పింది.

మా ఆవిడ చేతి పుళ్ళు మానాయి. తనంతట తనే ఆ ఎర్ర తొడుగులు తీసుకుని తొడిగించమని నా ముందు చేతులు చాపింది. తొడిగాను. చిన్నపిల్ల కాళ్ళకి మేజోళ్ళు తొడిగినట్టుంది.

మార్చి 29

ఇది పూర్తిగా రాస్తాను. ఎంతసేపైనా సరే.

తాడు కట్టినా సంచీ ఊగుతోంది కాబట్టి నేను వెనక నుంచి రెండు చేతులా కావిలించుకుని నిలబడాలని ఫిజియో అమ్మాయి చెప్పింది. అలాగే నిలబడ్డాను. మా ఆవిడ ముందు నిలబడింది. సంచీ అడ్డం ఉండటం వల్ల నాకు ఆవిడ కనబడదు, ఆవిడకి నేను కనబడను. గుద్దు మాత్రం దూదిలోంచి వచ్చి నా రొమ్ముకి తెలుస్తుంది.

ఒకటి, రెండు అని మొదలుపెట్టింది. గొంతు గుద్దు దగ్గరే ఆగిపోతోంది. ఫిజియో అమ్మాయి, "అంకెల్లో ఏముంది అమ్మమ్మగారూ, ఎవరినైనా తిట్టండి" అంది.

అప్పుడు ఒక గుద్దు వచ్చింది. దానితో పాటు మాట కూడా వచ్చింది. "పెళ్ళయిన కొత్తలో నేను చేసిన టీ బాగాలేదని మీ అక్క ముందు నవ్వారు" అంది.

ఫిజియో అమ్మాయి కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ఆ టీ నాకు గుర్తే లేదు.

మరో గుద్దు. "అమ్మాయి బడిలో మొదటి బహుమతి తీసుకున్న రోజు రాలేదు, ఎవరికో పరుపు ఇవ్వాలని పోయారు." ఇది నాకు గుర్తుంది. మరో గుద్దు. "మా అమ్మ పోయినప్పుడు నాకేడుపు వస్తుంటే విల్లు కొడుతూనే ఉన్నారు." నేను వేరే ఏం చెయ్యాలో తెలియక కొట్టాను, ఆ మాట అప్పుడు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు, సంచీని గట్టిగా పట్టుకున్నాను. గుద్దులు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. "ఇల్లు మారినప్పుడు నన్నడగలేదు. నా జుట్టు తెల్లబడితే మొదట చెప్పింది మీరే. నేను పాడుతుంటే రేడియో పెట్టారు." ఒక్కో మాటకీ గొంతు ఒక్కో మెట్టు ఎక్కుతోంది. ఫిజియో అమ్మాయి నవ్వడం మానేసింది. నాకు పక్కనున్న గోడ మీద విల్లు కొస రాసుకుని పడ్డ గీత ఒకటి ఉంది, దాన్నే చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు కాస్త ఆగింది. ఊపిరి తీసుకుంది. తర్వాత వచ్చిన గుద్దుకి నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఊరందరికీ మెత్తటి పరుపులు కుట్టారు. నన్ను నలభై నాలుగేళ్ళు గింజల మీద పడుకోబెట్టారు."

పక్కింటాయన వాకిట్లోకి వచ్చాడని తర్వాత తెలిసింది. అన్నం వేళ కాదే అనుకున్నాడట.

మా ఆవిడ తొడుగులు తియ్యమని చేతులు చాపింది. మొహం ఎర్రగా ఉంది. చేతులు వణుకుతున్నాయి, కానీ అది ఆ వణుకు కాదు, పని చేసిన చేతుల వణుకు. ఆ తేడా నాకు తెలుసు.

మార్చి 30

పరుపు విప్పాను. మా పరుపు. మేం కాపురం పెట్టినప్పుడు నేను కుట్టింది.

గింజలున్నాయి. శుభ్రం చెయ్యని పత్తిలోని గింజలు, చెయ్యి పెడితే గుప్పెడు. కానీ పరుపంతా కాదు. గోడవైపు సగంలో మంచి దూది. తలుపువైపు సగంలో గింజల దూది. చూసేసరికి అంతా గుర్తొచ్చింది. ఆ రోజు గోడవైపు నుంచి నింపడం మొదలుపెట్టాను. సగానికి వచ్చేసరికి మంచి దూది అయిపోయింది. మిగిలిన సగం నేల మీద ఊడ్చిన దూదితో నింపి, పని దొరికాక మార్చేద్దాం అనుకున్నాను. పొద్దున్నే లేవాలని మా ఆవిడ తలుపువైపు పడుకుంది. నేను గోడవైపు. నలభై నాలుగేళ్ళూ నేను ఆ పరుపు మెత్తగా ఉందనే అనుకున్నాను. నా బొటనవేలు ఊళ్ళో అన్ని పరుపులూ నొక్కింది. పక్కన రెండు జానల దూరం జరగలేదు.

ఏప్రిల్ 1

ఎండ బాగుంది. సంచీ విప్పి, దిండ్లలోంచి బూరుగు దూది అంతా తీసి, గోతాంలో మిగిలినదానితో కలిపి ఎండబెట్టాను. అదంతా పరుపుకి. గింజల దూదిని దిండ్లలోకి. గింజలు చేతికి తగలకుండా చుట్టూ గోడవైపు దూది ఒక పొర వేశాను. పెద్ద ఆర్డరు వస్తే ఎలా అని మా అమ్మాయి అడిగింది. వచ్చిందిగా అన్నాను.

మా ఆవిడ పక్కన కూర్చుని గుడ్డ కొస పట్టుకుంది. గుడ్డ వణికింది. వణికే గుడ్డ మీద కుట్టు వెయ్యడం నేర్చుకోవాలి. మొదటి జాన వంకరపోయింది. తర్వాత కుదిరింది.

ఏప్రిల్ 4

పరుపు అయింది. మధ్యాహ్నం మంచం మీద వేశాను. మా ఆవిడ తలుపువైపు పడుకుంది, అటు తిరిగి. నేను గోడవైపు కూర్చుని దబ్బనం తుడుస్తున్నాను. కాసేపటికి, గాలి కంటే కొంచెం గట్టిగా, అంది.

"ఇన్నాళ్ళూ ఈ సుఖం మీద పడుకునా మీరు గురక పెట్టింది."

నేను నవ్వేశాను. ఆపుకునే వ్యవధి లేదు.

మా ఆవిడ కదల్లేదు. చెవిటివాళ్ళు ఇంత గుసగుసకి నవ్వరు, అంది. నీ మొహం చూసి నవ్వానన్నాను. నా మొహం తలుపువైపుంది, అంది.

దబ్బనం పెట్టెలో పెట్టాను. ఎప్పటినుంచి తెలుసని అడిగాను. మొదటినుంచీ తెలుసంది. పెరట్లో కుళాయి చుక్క పడితే లేచి వెళ్ళి కట్టే చెవిటివాణ్ణి ఎక్కడా చూడలేదంది. నీ గొంతు తగ్గిందని నీకు తెలియకూడదనే అలా అన్నానన్నాను. ఈ మాట పైకి అనడం ఇదే మొదలు. ఇక్కడ రాయడం కూడా.

అది కూడా తెలుసంది. మరి ఎందుకు మాట్లాడటం మానేశావని అడిగాను.

అప్పుడు ఇటు తిరిగింది. "నేను మాట్లాడినప్పుడల్లా మీరు అబద్ధం ఆడాల్సి వస్తోంది కదా. మీకెందుకా కష్టమని తగ్గించాను" అంది.

ఆవిడకి దుప్పటి సరిచేశాను. ఎండగానే ఉంది, అవసరం లేదు, అయినా సరిచేశాను.

ఏప్రిల్ 5

వెనక పేజీలు తిరగేశాను. కొన్ని తప్పులున్నాయి, సరిదిద్దాలి.

మార్చి 14న వినబడలేదని రాశాను. వినబడింది. "అది తీసేస్తే మీ చేతులకేం తోస్తుంది" అంది.

మార్చి 20న వేళ్ళకి మందు రాసేటప్పుడు కూడా. "అంత అందంగా కుట్టారు, పాడుచెయ్యడం ఎందుకని" అంది.

మార్చి 3న నవ్వుతూ ఒక మాట అంది, అసలు అందన్న సంగతే రాయలేదు. "ఎవరిని గుద్దాలో ముందు చెప్పండి" అంది.

ఏప్రిల్ 8

ఫిజియో అమ్మాయి వచ్చింది. సంచీ ముందులా లేదేమిటంది. లోపల సరుకు మార్చానన్నాను. మా ఆవిడ నలభై గుద్దింది. ఇవాళ నా మీద కొత్త నేరాలేమీ లేవు. పాతవే మళ్ళీ చెప్పింది. టీ సంగతి మూడుసార్లు. మధ్యలో ఒకసారి మా అక్కని కూడా తిట్టింది, పాపం ఆమె పోయి పదేళ్ళయింది.

రేపు మీరు గుద్దండి తాతగారూ, అమ్మమ్మ పట్టుకుంటారు అని ఫిజియో అమ్మాయి సరదాకి అంది. నాకు ఆవిడ మీద ఏం నేరాలున్నాయో ఆలోచించాను. సాయంత్రం దాకా ఆలోచించాను. ఒకటి దొరికింది. నలభై నాలుగేళ్ళు చెప్పకపోవడం.

ఏప్రిల్ 12

ఇవాళ చెయ్యి బాగాలేదు. చెంచా రెండుసార్లు జారింది. సంచీ దగ్గరికి వెళ్ళలేదు. చిన్నగది తలుపు తెరిచి ఉంచి, గుమ్మంలో కుర్చీ వేసుకుని దాన్ని చూస్తూ కూర్చుంది. నేనూ ఇంకో కుర్చీ తెచ్చుకున్నాను. ఆవిడ గొంతు ఇవాళ చాలా సన్నగా ఉంది. నాలుగు మాటలు వినబడలేదు. నిజంగానే వినబడలేదు. మళ్ళీ చెప్పమని అడిగాను. మళ్ళీ చెప్పింది.

ఏప్రిల్ 15

వాన. ఫిజియో అమ్మాయి రాలేదు. చిన్నగదిలో సంచీ కింది తాడు వదులైతే బిగిస్తున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి, వాన మోత మీంచి, పిలిచింది. ఉప్పు డబ్బా మూత రావడం లేదట. వెళ్ళి తీసిచ్చాను.